ఆమె అడగని గడువు

ముప్పై నాలుగేళ్ళ నా సర్వీసులో నా మీద వచ్చిన ఫిర్యాదు ఒక్కటే. అందులో రాసిన ప్రతి అక్షరం నిజం. నేను రిటైరయిన రోజున శాలువా కప్పి మాట్లాడినవాళ్ళెవరూ దాని ఊసెత్తలేదు. మర్యాద కోసం మానేశారు. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు నన్ను చూడ్డానికి వచ్చి, ఓపిక గురించీ సేవ గురించీ నాలుగు మాటలు చెప్పమంటారు. ఓపిక నాకు బాగానే ఉండేది. నేను తప్పింది అక్కడ కాదు. అందుకని ఆ ఫిర్యాదు సంగతే చెబుతాను.

మాది ఒంగోలు దగ్గర పల్లె. నాన్న మిషన్ బడిలో టీచరు. ఇరవై మూడో ఏట బెంగళూరులో వినికిడి లేని పిల్లల హాస్టలుకి వార్డెనుగా వచ్చాను. నర్సు ట్రైనింగులో సీటు రాలేదు, ఈ ఉద్యోగం వచ్చింది. అంతకు మించి నాకు గొప్ప ఆశయమేమీ లేదు. సైగల భాష నాకు ఆ పిల్లలే నేర్పారు. నన్ను ఆటపట్టించడానికి కొన్ని తప్పుడు సైగలు కూడా నేర్పితే, వాటిని బడికి వచ్చిన పెద్దల ముందు చేసి నవ్వులపాలయ్యాను. పదేళ్ళు తిరిగేసరికి నా చేతులు నా నోటికంటే ముందు మాట్లాడేవి. కోర్సులూ సర్టిఫికెట్లూ తర్వాత వచ్చాయి.

చివరి పన్నెండేళ్ళు ఊరికి ఉత్తరపు చివర యలహంకలో ఒక సెంటర్‌లో పనిచేశాను. వినికిడి లేకుండా పుట్టి, పెద్దయ్యాక చూపు కూడా పోతున్నవాళ్ళకు పనులు నేర్పి ఉద్యోగాలు చూపించే చోటు అది. చూపు పోతున్నవాళ్ళకు దూరం నుంచి సైగ చేస్తే కనపడదు. వాళ్ళు తమ చేతులు మన చేతుల మీద ఆనిస్తారు. మన చేతులు కదులుతుంటే, ఆ కదలికను వాళ్ళు అరచేతులతో చదువుకుంటారు. వాళ్ళు తిరిగి సైగ చేస్తే మనం చూసి అర్థం చేసుకుంటాం. పని ఇంతే. చెప్పడానికి రెండు వాక్యాలు, నేర్చుకోవడానికి ఏళ్ళు.

ఆమె మా దగ్గరకు వచ్చేనాటికి ఇరవై తొమ్మిదేళ్ళుంటాయి. కదిరి వైపు నుంచి బిల్డింగు పనులకు వచ్చిన కుటుంబం. తండ్రి లేడు. తల్లి ఒక అపార్టుమెంటులో మెట్లు, వరండాలు ఊడ్చి తుడిచే పని చేసేది. కూతురు చిన్నప్పుడు బధిరుల బడిలో ఏడో తరగతి దాకా చదివింది కాబట్టి సైగల భాష చక్కగా వచ్చు. పద్దెనిమిదేళ్ళప్పుడు రేచీకటి మొదలై, తర్వాత చూపు చుట్టూతా మూసుకుంటూ వచ్చి, గొట్టంలోంచి చూసినంత మాత్రం మిగిలింది. ఆరేళ్ళు ఇంట్లోనే ఉండిపోయింది. ఆ ఆరేళ్ళలో ఆమెతో నిండుగా ఒక వాక్యం మాట్లాడినవాళ్ళు లేరు. తల్లికి తెలిసినవి పది పన్నెండు సైగలు: అన్నం, నీళ్ళు, రా, పడుకో, నొప్పా, వద్దు. ప్రేమకు లోటు లేదు, మాటకే లోటు.

మొదటి రోజు ఆమె చేతులు నా చేతుల మీద పెట్టుకుని నా పేరు చెప్పాను. ఆమె తన పేరు చెప్పలేదు. "బయట ఏం జరుగుతోంది?" అని అడిగింది. సైగల్లో నువ్వు, మీరు అని తేడా ఉండదు. అందుకే ఆమె మాటలు రాసేటప్పుడు అన్నీ నువ్వు అనే రాస్తాను. అందులో అగౌరవమేమీ లేదు.

అప్పట్నుంచి రోజూ పొద్దున తొమ్మిదిన్నరకు అదే ప్రశ్న. దానికి జవాబు కోసం నేను బస్సులో కిటికీ పక్క సీటు వెతుక్కునేదాన్ని. కండక్టరుతో చిల్లర దగ్గర పోట్లాడిన ముసలాయన, సిగ్నలు దగ్గర స్కూటరు మీద నిలబెట్టుకుని తీసుకెళ్తున్న అరటిగెల, ఎయిర్ షో ముందు రోజుల్లో తల మీద ఉరుముతూ పోయే విమానాలు, వాటిని చూడ్డానికి రోడ్డు మధ్యలో ఆగిపోయిన ఆటోవాళ్ళు. అన్నీ మోసుకొచ్చి ఆమె చేతుల్లో పోసేదాన్ని. ఆమెకు నచ్చనిది ఉంటే, "ఇది నిన్న చెప్పిన ముసలాయనే, చొక్కా మార్చావు" అని వెక్కిరించేది. అబద్ధం చెబితే చేతులు వెనక్కి తగ్గుతాయట, నా చేతులు తగ్గడం ఆమెకు తెలుస్తుందట. నేను నవ్వేదాన్ని.

నాకు పెళ్ళి కాలేదు. కారణాలు చెప్పుకునేంత పెద్ద కథ కూడా కాదు. చూస్తూ చూస్తూ వయసు దాటిపోయింది. పాత యలహంకలో ఒక గది, దానికో వంటగట్టు. ఆదివారం చర్చిలో అందరూ వందనాలు చెప్పి ఎవరి పిల్లల్ని వాళ్ళు తీసుకుని వెళ్ళిపోయేవాళ్ళు. నా రోజంతటిలో అసలైన మాటలు ఆ తొమ్మిదిన్నరకు మొదలై సాయంత్రం నాలుగుకు అయిపోయేవి. అయితే ఆ సంగతి అప్పుడు నాకు తెలియదు. నేను ఆమెకు సాయం చేస్తున్నాననే అనుకున్నాను.

రెండో ఏడు ఒకనాడు తల్లి నన్ను అడిగింది, తనకు కూడా ఆ చేతుల మాట నేర్పమని. పని ముగించుకుని నాలుగింటికి వస్తే ఒక గంట కూర్చుంటానంది. రోజంతా ఫినాయిలు నీళ్ళలో నాని ముడతలు పడిన చేతులు. నేను జాలిపడి, "మీకెందుకమ్మా ఈ కష్టం, నేనున్నాను కదా, ఏదన్నా చెప్పాలంటే నాకు చెప్పండి, నేను చెబుతాను" అన్నాను. ఆమె తలూపింది. దయగా మాట్లాడాననే తృప్తితో ఇంటికి వెళ్ళాను. నా తప్పులన్నిటికీ పునాది ఆ తృప్తి అని ఇప్పుడు అనిపిస్తుంది.

మా సెంటర్‌లో నాకు సన్నిహితుడు ఒక టీచరు. శివమొగ్గ వైపు మనిషి, పుట్టుకతో వినికిడి లేనివాడు, నాకంటే పదేళ్ళు చిన్న. పెట్టెలు మడవడం, అతికించడం, లెక్కపెట్టి కట్టలు కట్టడం అతనే నేర్పేవాడు. మధ్యాహ్నం భోజనాల దగ్గర అతని జోకులకు మేమందరం ముద్ద నోట్లో పెట్టుకోవడం మర్చిపోయేవాళ్ళం. మా హెడ్ తుమకూరు ఆవిడ. కన్నడం, ఇంగ్లీషు; తెలుగు విని అర్థం చేసుకుంటుంది గానీ మాట్లాడదు. ఏ మీటింగు జరిగినా ఎవరేమన్నారో రాసి, టైపు చేయించి ఫైల్లో పెట్టించడం ఆవిడకు పట్టుదల. ఆ కాగితాలు ఎవరు చదువుతారని మేం వెనక నవ్వుకునేవాళ్ళం.

నాలుగో ఏడు ఊరికి దక్షిణపు చివర హెబ్బగోడిలో ఒక ఫ్యాక్టరీ నుంచి కబురొచ్చింది. మందుల సీసాలకు అట్టపెట్టెలు మడిచి సిద్ధం చేసే పని. అక్కడ అప్పటికే వినికిడి లేని ఆడపిల్లలు నలుగురు పనిచేస్తున్నారు, దగ్గర్లోనే గదులు తీసుకుని ఉంటున్నారు. ఒక ఖాళీ ఉంది, సోమవారం చేరాలి, వాళ్ళ గదిలో ఒక మంచం కూడా ఉంది. మా టీచరు ఆమె పేరు పంపాడు. ఆమె చేతివేగం మా దగ్గర ఎవరికీ లేదు.

శుక్రవారం పదకొండు గంటలకు హెడ్ గదిలో కూర్చున్నాం. హెడ్, టీచరు, తల్లి, ఆమె, మధ్యలో నేను. బీరువా అడ్డం పెట్టడంతో కిటికీ సగం మూసుకుపోయి ఆ గదిలో వెలుతురు తక్కువ. ఆ మసకలో ఆమెకు ఎదుటివాళ్ళ సైగలు కనపడవు. నా చేతులే ఆధారం.

హెడ్ విషయం చెప్పి, తల్లిని ముందు అడిగింది. తల్లి కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ చెప్పింది.

"నాకు బయం ఉండాది మేడమ్. లేదని చెప్తే అబద్దమయితాది. అంత దూరం, కండ్లు కూడా సరిగా లేవు. అయినా దానికి ఇష్టమైతే పోనీండి. బతికేది అది గదా, నేను గాదు గదా."

ఆమె చేతులు నా చేతుల మీద ఉన్నాయి. నేను చెప్పడం మొదలుపెట్టాను. అమ్మకు భయంగా ఉందంటోంది. చాలా దూరం అంటోంది. నీ కళ్ళు సరిగా లేవంటోంది.

అక్కడ ఆగాను. రెండో సగం చెప్పాలి. నా చేతులు ఆ సగం దగ్గరకు పోలేదు. ఆ క్షణంలో నాకు కనపడింది లారీలు తిరిగే హెబ్బగోడి రోడ్డో, మిషన్ల మధ్య తడుముకుంటూ నడిచే ఆమె రూపమో అని చెప్పుకుంటే బాగుంటుంది. కొన్నాళ్ళు నాకు నేను అలాగే చెప్పుకున్నాను. నిజానికి నాకు కనపడింది సోమవారం పొద్దున తొమ్మిదిన్నర. ఖాళీ కుర్చీ. నాకు రిటైర్మెంటుకు ఇంకా మూడేళ్ళుంది.

"కొన్నాళ్ళు ఆగమంటోంది" అని ఆమె చేతుల్లో పెట్టాను.

ఆమె వెంటనే చేతులు తీసి సైగ చేసింది, వేగంగా, స్పష్టంగా. "నా కళ్ళు ఆగుతాయా? ఇంకొంచెం చూపు ఉండగానే నేను అక్కడికి పోవాలి. దారి చూసుకోవాలి. నా మంచం ఎక్కడ, బాత్రూం ఎక్కడ, మిషను ఎక్కడ, అన్నీ ఒకసారి కళ్ళతో చూసి పెట్టుకుంటే తర్వాత చీకట్లో కూడా నడుస్తాను. సోమవారం వెళ్తాను. అమ్మకు చెప్పు."

"ఏనంతాళె?" అంది హెడ్, ఏమంటోందని.

మా వృత్తిలో ఒక నియమం ఉంది. ఎదుటి మనిషి మాటను మనం పలికేటప్పుడు "నేను" అనే పలకాలి. ఆమె "వెళ్తాను" అంటే మనమూ "వెళ్తాను" అనాలి. మూడు దశాబ్దాలు ఆ నియమం తప్పలేదు. ఆ రోజు మాత్రం, "వెళ్ళాలని ఉందట, కానీ ఒక ఆరు నెలలు టైమ్ కావాలంటోంది" అన్నాను. ఆ అబద్ధాన్ని "నేను" అని చెప్పడానికి నోరు రాలేదు కాబోలు.

తల్లి కూతురి ముఖంలోకి చూసింది. "అంతేనా అనింది?" అని నన్నడిగింది.

"అంతే" అన్నాను.

ఆమె మళ్ళీ, "అమ్మను ఇంకోసారి అడుగు" అంది. నేను తల్లి వైపు తిరిగి, ఏదో అడిగినట్టు రెండు ముక్కలు, మధ్యాహ్నం భోజనం ఇక్కడే చేసి వెళ్ళమని, మాట్లాడాను. తిరిగి ఆమె చేతుల్లో, "ఆగమనే అంటోంది" అని పెట్టాను. నా చేతులు వెనక్కి తగ్గాయో లేదో నాకు తెలియదు. ఆమె కనిపెట్టలేదు. లేదా నా మీద నమ్మకం కొద్దీ కనిపెట్టినదాన్ని పక్కన పెట్టింది. సరే అంది. హెడ్ రాసుకుంది. పది నిమిషాల్లో మీటింగు అయిపోయింది.

ఆ సోమవారం తొమ్మిదిన్నరకు ఆమె వచ్చింది. "బయట ఏం జరుగుతోంది?" అని అడగలేదు. నేనే చెప్పాను. వింది. మూడు వారాలు అలా గడిచాయి. పెట్టెలు మడుస్తున్నప్పుడు వేళ్ళ వేగం తగ్గింది. ఏమైందంటే ఏమీ లేదనేది. కుదుటపడుతుందిలే అనుకున్నాను.

మా టీచరు ఏదో సంతకం కోసం ఆమె ఫైలు తీశాడు. భోజనాల వేళ అందరూ లేచాక నన్ను ఆగమని, ఫైలు నా ముందు పెట్టి ఒక వరుస మీద వేలు ఉంచాడు. తల్లికి అభ్యంతరం లేదు. అమ్మాయే ఆరు నెలలు గడువు అడిగింది అని ఇంగ్లీషులో ఉంది.

"ఇది ఎవరి మాట?" అన్నాడు.

నేను ఫైలు మూయబోతే వేలు తియ్యలేదు.

"నేను ఆ గదిలో ఉన్నాను. మీ నోళ్ళు నాకు వినపడవు, చేతులు కనపడతాయి. ఆమె సోమవారం అంది. నువ్వు ఆమె చేతుల్లో అమ్మ ఆగమందని పెట్టావు. తల్లికి అభ్యంతరం లేదని కాగితం చెబుతోంది. మూడూ ఎలా నిజమవుతాయి?"

ఏదో చెప్పబోయాను. భద్రత, దూరం, చూపు. అతను చెయ్యి అడ్డం పెట్టాడు. "పుట్టినప్పట్నుంచీ వినేవాళ్ళు నాకేం చెబితే అది నమ్మి బతుకుతున్నాను. ఎవరు సగం చెప్పారో, ఎవరు మార్చి చెప్పారో నాకు తెలిసే దారి లేదు. నిన్ను మాత్రం మా మనిషివనుకున్నాను." ఫైలు మూసి, "నువ్వు చెబుతావా, నేను చెప్పనా?" అని అడిగాడు.

నేనే చెబుతానన్నాను. అతను ఫైలు తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత నేను రిటైరయ్యేదాకా మా మధ్య పని మాటలు నడిచాయి. జోకులు నడవలేదు.

సెంటర్ వెనక చిన్న ఆవరణ, అక్కడ ఎండ బాగా పడుతుంది. ఆమెను అక్కడికి తీసుకెళ్ళి కూర్చోబెట్టాను. చేతులు పెట్టుకుంది. ఆ రోజు అమ్మ అన్న మాట నీకు సగమే చెప్పానని మొదలుపెట్టాను. రెండో సగం చెప్పాను. నువ్వు అన్నది అమ్మకు చెప్పలేదన్నాను. ఆరు నెలల మాట నాదని చెప్పాను.

"అమ్మ పొమ్మందా?"

"నీకిష్టమైతే పోనీమంది."

"మళ్ళీ చెప్పు."

మూడుసార్లు చెప్పించుకుంది. నాలుగోసారి నేను మొదలుపెట్టబోతుండగా నా చేతుల మీద నుంచి తన చేతులు తీసేసింది. దుపట్టా కిందికి తీసుకెళ్ళి ఒడిలో పెట్టుకుని, కళ్ళు మూసుకుంది. నేను మోచెయ్యి తాకాను. కుర్చీ ఒక అడుగు వెనక్కి జరుపుకుంది.

నోరూ చెవీ ఉన్న మనకు కోపం వచ్చినా, అవతలివాళ్ళు తలుపు బయట నిలబడి నాలుగు మాటలు చెప్పుకోవచ్చు. మనం వద్దన్నా అవి చెవిలో పడతాయి. ఆమె చేతులు తీసుకుని కళ్ళు మూసుకుంటే లోకంలో ఏ మాటా ఆమెను చేరదు. నా మాట ఇక ఆమెకు అందదు. ఎదురుగా కూర్చునే ఉన్నాను. ఎండ మోకాళ్ళ మీదికి, తర్వాత గోడ మీదికి పోయింది. నాలుగింటికి తల్లి వచ్చేదాకా ఇద్దరం అలాగే ఉన్నాం. నా జీవితంలో అంత ఒంటరి మధ్యాహ్నం ఇంకొకటి లేదు. అలాంటి ఒంటరితనంలోనే ఆమె మూడు వారాలుగా ఉంటోందని అప్పుడు తెలిసింది.

తల్లికి కూడా అక్కడే చెప్పాను. ఆమె నన్ను తిట్టి ఉంటే తేలికయ్యేది. కాళ్ళు బారజాపుకుని నేల మీద కూర్చుంది.

"మూడు వారాలాయె మేడమ్, అది నా చేతి అన్నం సరిగా తినక. నా మింద కోపమెందుకో నాకు తెలీలేదు. నేను అడగలేను, అది చెప్పలేదు. దానికి బయం పుట్టిండాది కాబోలు అని నేనూ బయపడితిని. ఎప్పుడూ బయపడని పిల్ల." చేతులు చూసుకుంటూ అంది. "నేర్పమని మిమ్మల్ని అడిగితిని. నేనుండాను గదా అంటిరి."

అంతే అంది. కూతురి దగ్గరకు వెళ్ళి చెయ్యి పట్టుకుంది. తనకు తెలిసిన పది పన్నెండు సైగల్లో ఈ సంగతికి పనికొచ్చేది ఒక్కటీ లేదు. నన్ను మధ్యలోకి పిలవలేదు. పోవడమనే సైగ ఒకటి తన సొంతంగా చేసి, చేత్తో దూరం చూపించి, కూతురి గుండె మీద వేలు పెట్టి, తల గట్టిగా ఊపింది. కూతురు ఆమె భుజం మీద ముఖం పెట్టుకుంది.

హెడ్ ఫ్యాక్టరీకి ఫోన్ చేసింది. ఆ ఖాళీ నిండిపోయింది. మళ్ళీ ఎప్పుడు వస్తుందో చెప్పలేమన్నారు.

ఫిర్యాదు ఆమే ఇచ్చింది. ఆమె సైగ చేసింది, టీచరు పక్కనుండి చూశాడు, నాలాంటి పనికే అప్పుడు కొత్తగా చేరిన కర్నూలు అమ్మాయి పలికింది, హెడ్ రాసుకుంది. నన్ను కూడా కూర్చోబెట్టారు. ఆ అమ్మాయి ప్రతి వాక్యాన్నీ "నేను" అనే పలికింది. "నా మాట మార్చారు. నా చూపులో కొన్ని నెలలు తీసుకున్నారు. అవి తిరిగి ఇవ్వలేరు. ఇంకెప్పుడూ ఈమె నా చేతులు పట్టుకోకూడదు." బయటికి వచ్చాక ఆ అమ్మాయి నా దగ్గరకు వచ్చి, "సారీ మేడం, కొంచెం సాఫ్ట్‌గా చెప్పాలా అనుకున్నాను, కానీ..." అంది. కరెక్టుగా చెప్పావమ్మా, ఎప్పుడూ అలాగే చెప్పు అన్నాను. నేను ఆ పిల్లకు నేర్పిన పాఠం అదొక్కటే.

నన్ను ఉద్యోగంలోంచి తీసేయలేదు. ఆఫీసు పనికి మార్చారు. రికార్డులు, రసీదులు, హాజరు పట్టికలు. నా కుర్చీ నుంచి వరండా కనపడేది. పొద్దున తొమ్మిదిన్నరకు ఆమె టీచరు మోచెయ్యి పట్టుకుని వెళ్తుండేది. నేను పక్కనే ఉన్నానని ఆమెకు తెలిసే అవకాశం లేదు. పలకరించే హక్కు నాకు లేదు. బస్సులో కిటికీ సీటు దొరికినా కళ్ళు మూసుకుని కూర్చునేదాన్ని. ఒకరోజు యలహంక స్టాపు దగ్గర పెళ్ళి బ్యాండువాళ్ళు తమ వాయిద్యాలన్నీ బస్సెక్కించి తామూ ఎక్కి, పెద్ద డోలు మీద ఒక ముసలావిడను కూర్చోబెట్టారు. చూసి నవ్వుకున్నాను. ఆ నవ్వును ఎక్కడికీ తీసుకెళ్ళలేక దిగిపోయాను.

తల్లి నాలుగింటికి వచ్చి గంటసేపు నేర్చుకోవడం మొదలుపెట్టింది. ఒకనాడు రిజిస్టరు ఇవ్వడానికి వెళ్తూ తలుపు దగ్గర ఆగాను. తల్లి, కూతురి చేతులు తన చేతుల మీద పెట్టుకుని, తడబడుతూ, మధ్యాహ్నం పప్పులో ఉప్పు చాలిందా అని అడుగుతోంది. ఉప్పు అనే సైగ తప్పు చేసింది. ఆమె పకపకా నవ్వి, తల్లి వేళ్ళు పట్టుకుని సరిదిద్దింది. నాలుగేళ్ళు నేను వాళ్ళిద్దరి మధ్య ఎన్నో పెద్ద మాటలు మోశాను. డాక్టరు మాటలు, పింఛను మాటలు. ఉప్పు గురించి నన్నెవరూ అడగలేదు. అలాంటిది మూడో మనిషి ద్వారా అడిగే మాట కాదు.

మరో ఖాళీ రావడానికి పదకొండు నెలలు పట్టింది. ఆ పదకొండు నెలల్లో గొట్టం సన్నబడి సన్నబడి, చివరికి ఎండకూ నీడకూ తేడా తెలిసేంత మాత్రం మిగిలింది. హెబ్బగోడి గది, ఆ దారి, ఆ మిషను, ఏదీ ఆమె కళ్ళతో చూడలేదు. అన్నీ చేతులతో, అడుగులు లెక్కపెట్టుకుంటూ నేర్చుకుంది. రెండు నెలలు పట్టిందని, మోకాళ్ళు పగిలాయని, ఒకసారి మెట్ల మీద నుంచి పడిందని విన్నాను. ఆమె వెళ్ళిన రోజు గేటు దగ్గర అందరూ నిలబడ్డారు. నేను ఆఫీసులో తాళాలు వేసిన బీరువా మళ్ళీ తెరిచి మళ్ళీ తాళం వేశాను.

రిటైరయ్యాక గది, వంటగట్టు, చర్చి. ప్రసంగం జరుగుతుంటే ఒడిలో నా వేళ్ళు వాటంతట అవే కదిలేవి, పాస్టరుగారి మాటలు ఎవరికో చెబుతున్నట్టు. పక్కన కూర్చున్నావిడ ఒకసారి, "వణుకుడు జబ్బా అండీ?" అని అడిగింది. కాదనలేదు.

ఏడాది గడిచాక కూరగాయల మార్కెట్టులో తల్లి ఎదురైంది. నేను తప్పుకుని పోబోతే ఆమే ఆపింది. కూతురు బాగా ఉండాదని, తనకు పండగకు చీర తెచ్చిందని చెప్పింది. సంచీ ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుని, "అది మిమ్మల్ని పిల్చదు మేడమ్. మీరే పోయి కనపడండి. కొట్టినా తిట్టినా దాని చేతులతోనే గదా" అంది.

నెల రోజులు వెనకాముందాడి, ఒక ఆదివారం వెళ్ళాను. మెజెస్టిక్ బస్టాండు దాకా బస్సు, అక్కణ్ణుంచి హెబ్బగోడికి మెట్రో. వరసగా గదులు, ముందు నీళ్ళ డ్రమ్ములు, తాడు మీద ఒకే రంగు యూనిఫారాలు. తలుపు తీసిన పిల్ల రాయచూరు వైపుదట, వినికిడి లేదు, చూపుంది. నా పేరు సైగల్లో చెప్పాను. ఆ పిల్ల మొహం మారింది. కథ తెలుసన్నమాట. లోపలికి వెళ్ళి ఆమె చేతుల్లో చెప్పింది.

ఆమె మంచం మీద కూర్చుని ఉంది. దుప్పటి అంచు సరిచేసుకుంది. తర్వాత కుడి చెయ్యి ఒక్కటే ముందుకు చాచింది. నేను నేల మీద కూర్చుని ఆ చేతి కింద నా చేతులు పెట్టాను. క్షమించమన్నాను. అది అవసరం లేదన్నట్టు తోసేసింది.

"ఎందుకు?" అని అడిగింది.

ఆ ప్రశ్న ఇన్నాళ్ళలో ఆమె ఎప్పుడూ వెయ్యలేదు. ఫిర్యాదులో కూడా లేదు. ఎవరూ అడగలేదు. అందరూ దాన్ని నా అతిజాగ్రత్త అనుకుని ఊరుకున్నారు. ఎప్పుడో సిద్ధం చేసుకున్న జవాబులు రెండు మూడు ఉన్నాయి. అవేవీ చెప్పలేదు.

"నువ్వు వెళ్ళిపోతే నాకు మాట్లాడ్డానికి ఎవరూ ఉండరని" అన్నాను.

రెండో చెయ్యి కూడా వచ్చింది. ఆ రెండు చేతులూ నా చేతుల మీద ఆగి, ఇంకేమైనా చెబుతానేమోనని ఎదురుచూశాయి. నా దగ్గర ఇంకేమీ లేదు. అప్పుడు చేతులు తీసి, నెమ్మదిగా, నాకు బాగా కనపడేటట్టు సైగ చేసింది.

"ఆ రోజు ఈ మాట నాకు చెప్పి ఉంటే, సోమవారం వెళ్ళిపోయి, ఆదివారం నిన్ను రమ్మని ఉండేదాన్ని."

రాయచూరు పిల్ల టీ పెట్టింది. ముగ్గురం తాగాం. వచ్చేటప్పుడు మళ్ళీ రమ్మనలేదు, రావద్దనీ అనలేదు.

నెలకో రెండు నెలలకో ఒకసారి వెళ్తున్నాను. వెళ్ళినప్పుడల్లా మాట్లాడుతుందని లేదు. ఒక్కోసారి గంటసేపు చేతులిచ్చి ఫ్యాక్టరీ సూపర్‌వైజరు మీద చాడీలు చెబుతుంది. ఒక్కోసారి నిద్రొస్తోంది, వెళ్ళిపో అంటుంది. రెండూ ఆమె మాటలే. ఏది అన్నా, దానికి నేనేమీ కలపకుండా, ఏమీ తీసేయకుండా తీసుకుని ఇంటికి వస్తాను.